సైలెన్సర్ మారుస్తున్నారా? ఆ పాత రింగు మాత్రం మళ్లీ వేయకండి

పొద్దున్నే బండి స్టార్ట్ చేయగానే ఇంజన్ ముందు నుంచి టిక్కుటిక్కుమని చప్పుడు. నాలుగు వీధులు తిరిగేసరికి తగ్గిపోతుంది, మర్నాడు పొద్దున మళ్లీ మొదలు. ఎవరికి చూపించినా టాపెట్లు, అంటే ఇంజన్ వాల్వుల్ని తోసే ముక్కలు, లూజయ్యాయనే అంటారు. మా బామ్మర్ది బండికీ అదే అన్నారు, టాపెట్లు బిగించారు, డబ్బులు పుచ్చుకున్నారు, చప్పుడు మాత్రం ఎక్కడికీ పోలేదు.

వాడుండేది వైజాగ్‌లో, చినవాల్తేరు. 150 సీసీ బండి. సైలెన్సర్ అడుగుని తుప్పు తినేసి చిల్లు పడితే ఇంటి దగ్గర ఒక షాపులో కొత్తది వేయించాడు, వేయించిన మర్నాటి నుంచే ఈ గోల. "బావా, కొత్త సైలెన్సర్ పడ్డాక బండికి ఏటో అయిపోయింది" అని ఫోన్ చేస్తే ఆదివారం వెళ్లాను. టార్చి వేసి చూస్తే బెండ్ పైపు, అంటే సైలెన్సర్ ముందుండే వంపు గొట్టం, ఇంజన్‌లోకి దూరే చోట, అల్యూమినియం మీద, కాటుక పులిమినట్టు నల్లటి మసి. "ప్యాకింగ్ రింగు మార్చారా?" అని అడిగితే "అదేటి బావా, అదొకటి ఉంటాదా?" అన్నాడు. ఉంటుంది. పాతదే తీసి మళ్లీ పెట్టేశారు, చప్పుడంతా అక్కడిది. టాపెట్లని అనవసరంగా బిగించడం వల్ల ఇంకో ప్రమాదం కూడా ఉంది, మరీ టైట్ చేస్తే వాల్వు పూర్తిగా మూసుకోదు, కొన్నాళ్లకి కాలిపోతుంది. వాడి అదృష్టం, అంతదాకా రాలేదు.

ఇంతకీ ఆ రింగు ఏం చేస్తుందో చెప్తాను. హెడ్‌లోంచి, అంటే వాల్వులుండే ఇంజన్ పైభాగంలోంచి, పొగ బయటికొచ్చే రంధ్రానికీ, బెండ్ పైపు మూతికీ మధ్య కూర్చుంటుంది. బండిని బట్టి రాగిది కావచ్చు, పల్చటి రేకు చుట్టిన గ్రాఫైట్‌ది కావచ్చు. నలగడమే దాని పని. నట్లు బిగిస్తుంటే అది నలిగి, రెండువైపులా ఉన్న ఎగుడుదిగుళ్లలోకి సర్దుకుని సందు లేకుండా మూసేస్తుంది. ఒకసారి నలిగాక ఇంక అందులో నలగడానికేం మిగలదు. పాత రింగు మళ్లీ వేయడమంటే పిండేసిన నిమ్మచెక్కని మళ్లీ పిండడమే. పైగా కొత్త సైలెన్సర్ మూతి పాతదాని మూతికి అచ్చు గుద్దినట్టు ఉండదు కాబట్టి పాత గుర్తుల్లో అది సరిగ్గా కూర్చోనే కూర్చోదు.

సందు ఉంటే చప్పుడొక్కటేనా అంటే కాదు. ఇంజన్‌లోంచి పొగ ఒకే ధారగా రాదు, వాల్వు తెరుచుకున్నప్పుడల్లా ఒక తోపు, ఆ వెనకే ఒక చిన్న లాగుడు. తోపులో పొగ బయటికి కక్కుతుంది, అదే టిక్కుటిక్కు. ఇనుము వేడెక్కి సాగేసరికి సందు కాస్త మూసుకుంటుంది కాబట్టి తర్వాత వినపడదు. లాగుడులో బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. కైలాసగిరి దిగుతూ యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసినప్పుడు సైలెన్సర్‌లో ఠప్ ఠప్‌మని పేలుతుందే, అది చాలాసార్లు ఈ గాలి వల్లే. కాలకుండా మిగిలిన పెట్రోలు సైలెన్సర్‌లోకి వస్తుంది, ఈ సందులోంచి గాలి తోడవుతుంది, అక్కడే అంటుకుంటుంది.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 బళ్లయితే ఇంకో తలనొప్పి. వాటిలో చాలావాటి సైలెన్సర్ పైపుకి ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. సందులోంచి దూరిన గాలిని అది చూసి పెట్రోలు తక్కువ పడుతోందనుకుంటుంది, ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే చిన్న కంప్యూటర్, ఇంకాస్త పెట్రోలు పోస్తుంది. మైలేజీ ఎందుకు పడిపోయిందో తెలీక మీరు పెట్రోలు బంకుల్ని తిట్టుకుంటూ ఉంటారు.

సరే, కొనడం దగ్గర్నుంచి మొదలుపెడదాం. స్పేర్స్ షాపులో ఉత్తి "గ్యాస్కెట్" అని అడిగితే హెడ్ గ్యాస్కెట్ తీసి చేతిలో పెట్టే ప్రమాదం ఉంది, "సైలెన్సర్ ప్యాకింగ్ రింగు" అనండి, బండి మోడలు, సంవత్సరం చెప్పండి. చాలా మామూలు బళ్లకి కంపెనీది కూడా ఖరీదు పెద్దగా ఉండదు, దీనికి బేరాలు వద్దు. మీ బండిలో బెండ్ పైపు వేరు, వెనక డబ్బా వేరు అయితే ఆ రెండింటి మధ్య ఇంకో ప్యాకింగ్ ఉంటుంది, గొట్టం ముక్కలా ఉండే గ్రాఫైట్‌ది. అదీ తీసుకోండి. ఒకటే ముక్కగా వచ్చే సైలెన్సర్ అయితే ముందు రింగు ఒక్కటే. దాంతోపాటు ఆ చోటికి సరిపోయే నట్లు రెండు కొత్తవి కొనేయండి, ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

సైలెన్సర్ విషయానికొస్తే, ఏది వేసుకుంటారన్నది మీ ఇష్టమే గానీ, వీధి వీధంతా లేచి కూర్చునే రకం మాత్రం వద్దు. మన సిటీలో పోలీసులు అలాంటివి పట్టుకుని వరసగా పేర్చి రోడ్డు రోలర్‌తో తొక్కించిన సంగతి తెలిసిందే, మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద కేసు కూడా రాస్తారు. కొత్త బళ్లలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ సైలెన్సర్‌లోనే ఉంటుంది కాబట్టి అది లేనిది వేస్తే పొల్యూషన్ పరీక్ష దగ్గర కూడా ఇబ్బందే.

ఇప్పుడు అసలు కథ. హైదరాబాద్‌లో అరగంటలో అయిపోయే ఈ పని వైజాగ్‌లో ఒక్కోసారి మూడు రోజులు పడుతుంది. కారణం ఉప్పు గాలి. హెడ్‌లోంచి బయటికొచ్చే రెండు స్టడ్లు, అంటే తల లేని బోల్టులు, వాటి మీద నట్లు, ముందు చక్రం చిమ్మే నీళ్లు నేరుగా వాటి మీదే, పైన సముద్రం గాలి, లోపల వేడి. మూడేళ్లయ్యేసరికి నట్టూ స్టడ్డూ ఒకటే ముద్ద. సైలెన్సర్‌కి లోపల్నుంచి కూడా తుప్పే. ఒక లీటరు పెట్రోలు కాలితే దగ్గర దగ్గర లీటరు నీళ్లు ఆవిరిగా తయారవుతాయి. బండి దూరం తిరిగితే ఆ ఆవిరి బయటికి పోతుంది. ఎంవీపీ కాలనీ నుంచి సిరిపురం దాకా వెళ్లి ఆపేసే బండికి సైలెన్సర్ సరిగ్గా వేడెక్కేలోపే ప్రయాణం అయిపోతుంది, నీళ్లు అడుగున నిలబడిపోతాయి. బామ్మర్ది సైలెన్సర్ చిల్లు సరిగ్గా అడుగునే పడింది, అందుకే.

నేను ఈ పాఠం నేర్చుకున్నది నా పాత బండి మీద. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు అది విరిగిన చెట్టు కింద రోజుల తరబడి తడిసింది. తర్వాతి ఎండాకాలం సైలెన్సర్ మారుద్దామని కూర్చున్నాను. నట్టు రాలేదు. రింగు పానాకి పైపు ముక్క తొడిగి బలంగా లాగాను. మెత్తగా, వెన్నలో తిరిగినట్టు తిరిగింది. వచ్చేసిందని సంబరపడేలోపే టక్‌మని స్టడ్ విరిగి, హెడ్‌కి సమానంగా ముక్క లోపలే ఉండిపోయింది. హెడ్ విప్పి కంచరపాలెంలో ఒక లేత్ షాపుకి పట్టుకెళ్తే, ఆ పెద్దాయన ముక్క మీద నట్టు వెల్డింగ్ చేసి, చల్లారనిచ్చి, నెమ్మదిగా తిప్పి బయటికి లాగాడు. "కిర్రుమంటే వస్తన్నట్టు, మెత్తగా తిరిగితే తెగుతున్నట్టు బాబూ" అన్నాడు. ఆ తర్వాత విప్పిన ప్రతి తుప్పు నట్టు దగ్గరా ఆ మాట గుర్తొస్తుంది. నట్టు కిర్రు కిర్రుమంటూ కదిలితే మర వదులుతోందని. చప్పుడు లేకుండా స్ప్రింగులా మెలితిరిగితే ఆగిపోవాలి, అక్కడ తిరుగుతున్నది నట్టు కాదు, స్టడ్.

కాబట్టి పని ఆదివారం అయితే శుక్రవారం రాత్రే మొదలుపెట్టండి. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు ఆ రెండు నట్లనీ వైర్ బ్రష్‌తో రుద్ది, మర కనపడేలా చేసి, తుప్పు వదిలించే స్ప్రే ఏదైనా కొట్టండి. శనివారం పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. వేడి సైలెన్సర్ మీద మాత్రం స్ప్రే కొట్టకండి, అంటుకుంటుంది.

ఆదివారం బండిని సెంటర్ స్టాండ్ వేయండి. బీఎస్6 బండి అయితే ముందు సెన్సర్ వైరు ప్లగ్గు ఊడదీయండి, మర్చిపోయి సైలెన్సర్ లాగారంటే వైరు తెగుతుంది, సెన్సర్ ఖరీదు చూస్తే ఆ వారం నిద్ర పట్టదు. చిన్న బళ్లలో ముందు నట్లు చాలావరకు 10 నంబరు, పెద్ద స్టడ్లయితే 12 లేదా 13. ఆరు పలకల బాక్స్ స్పానరే వాడండి, డబుల్ ఎండ్ ఫిక్స్ పానాతో ప్రయత్నిస్తే నట్టు మూలలు అరిగి గుండ్రంగా తయారవుతుంది, ఆపైన దాన్ని పట్టుకునే దిక్కుండదు. వెనక ఫుట్‌రెస్ట్ దగ్గరి బోల్టు ముందు కాస్త వదులు చేసి అలాగే ఉంచండి, పూర్తిగా తీయొద్దు. సైలెన్సర్ కింద ఇటుకో పాత టైరో పెట్టి దాని బరువు ఆపండి. బరువంతా స్టడ్ల మీద వేలాడుతుంటే నట్టు తేలిగ్గా రాదు, చివర్లో మర కూడా పాడవుతుంది.

ఇప్పుడు ముందు నట్లు. నేరుగా విప్పే దిక్కుకి లాగకండి. ముందు వెంట్రుకవాసి బిగించే వైపు తట్టండి, తుప్పు పట్టు వదులుతుంది, తర్వాత విప్పే వైపు. పావు చుట్టు వచ్చిందా, మళ్లీ కొంచెం వెనక్కి, మళ్లీ స్ప్రే, మళ్లీ ముందుకి. ఒక్క నట్టుకి పది నిమిషాలు పట్టినా తప్పు లేదు. ససేమిరా అంటే కొట్టిన స్ప్రే అంతా శుభ్రంగా తుడిచేసి, ఇంజన్ రెండు నిమిషాలు నడిపి ఆపి, తోలు గ్లవుజులు వేసుకుని గోరువెచ్చగా ఉన్నప్పుడు ప్రయత్నించండి. నట్టుతోపాటు స్టడ్ కూడా ఊడొచ్చేస్తే కంగారు పడక్కర్లేదు, అది మంచిదే, కొత్త స్టడ్ వేసుకోవచ్చు. విరిగితే మాత్రం అక్కడితో ఆపేయండి. ఇంట్లో డ్రిల్లు మెషిన్ ఉంది కదా అని మొదలుపెట్టకండి, అల్యూమినియం మెత్తన, స్టడ్ గట్టి, డ్రిల్లు పక్కకి జారి హెడ్‌ని తినేస్తుంది. లేత్ షాపు దారి పట్టండి. బండి మీదే వెల్డింగ్ చేస్తామంటే బ్యాటరీ, ఈసీయూ ప్లగ్గులు తీయించాకే చేయనివ్వండి.

సైలెన్సర్ ఊడొచ్చాక రంధ్రంలోకి టార్చి వేసి చూడండి. పాత రింగు లోపల అంటుకుని మసితో కలిసిపోయి, హెడ్‌లో భాగమే అన్నట్టు ఉంటుంది. చాలామంది అది రింగని తెలీక దాని మీదే కొత్తది పెట్టేస్తారు. బామ్మర్ది బండిలో అయితే పై రింగు లాగాక దాని వెనక ఇంకొకటి, ఎన్నేళ్ల నాటిదో, రేకులా నలిగి ఉంది. గోరు పెట్టి అంచు తడమండి, మెట్టులా తగిలితే ఇంకో రింగు ఉన్నట్టే. తీయడానికి ముందు ఒక పాత బట్ట ముక్క రంధ్రంలోకి కుక్కండి, ముక్కలు వాల్వు వైపు పడకుండా. ఆ బట్ట ఎర్రదో పచ్చదో అయితే మేలు, కొస బయటికి వేలాడాలి. నవ్వకండి, బట్ట లోపలే వదిలేసి సైలెన్సర్ బిగించి, బండి ఎందుకు స్టార్ట్ కావట్లేదని గంటసేపు కిక్కు కొట్టిన మహానుభావుడు నాకు బాగా తెలుసు, అద్దంలో రోజూ కనిపిస్తాడు.

చిన్న స్క్రూడ్రైవర్ కొస రింగు లోపలి అంచు కింద దూర్చి, ఒకేచోట ఎత్తకుండా చుట్టూ కొంచెం కొంచెం లేపండి. స్క్రూడ్రైవర్‌ని హెడ్ మీద ఆనించి పైకి పెళ్లగించకండి, అల్యూమినియం మీద గీత పడితే ఆ గీతలోంచే మళ్లీ పొగ కారుతుంది. బండి బాగా పాతదైతే ప్యాకింగ్‌లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, పొడిగా గీకి ఊదకండి, నూనె గానీ నీళ్లు గానీ చల్లి తడిగా తీయండి. మిగిలిన మసిని ఇత్తడి బ్రష్‌తో, తర్వాత గుడ్డతో తుడిచి, కుక్కిన బట్ట తీసేయండి. తీసేశారా? మళ్లీ చూసుకోండి.

స్టడ్ల మరని శుభ్రం చేసి, వేడికి తట్టుకునే రాగి గ్రీజు, షాపుల్లో యాంటీ సీజ్ అంటారు, పల్చగా రాయండి. సముద్రం పక్కన ఉండేవాళ్లకి ఇది చాలా అవసరం, వచ్చేసారి విప్పేటప్పుడు నన్ను తలుచుకుంటారు. కొత్త రింగు రంధ్రంలో కూర్చోబెడితే అది నిలబడదు, సైలెన్సర్ తెచ్చేలోపే జారి కింద పడుతుంది. దానికో చిట్కా, రింగు వెనకవైపు మూడు చోట్ల ఆవగింజంత మామూలు గ్రీజు పెట్టి అతికించండి. ఇంజన్ వేడికి ఆ గ్రీజు కాలిపోతుంది. రింగుకి ఒకవైపు వాలు ఉంటే పాతది ఎటు తిరిగి ఉందో అలాగే పెట్టండి. రెండో ప్యాకింగ్ ఉన్న బండికి, దాన్ని పైపు మీదకి కొట్టకండి, గ్రాఫైట్ పెళుసు, చేత్తో మెల్లగా తిప్పుతూ ఎక్కించండి.

ఎర్ర సిలికాన్ పేస్టు కూడా పూస్తే ఇంకా గట్టిగా ఉంటుంది కదా అని అడుగుతారు. వద్దు. మామూలు సిలికాన్ తట్టుకునేది సుమారు 300 డిగ్రీల దాకా, హెడ్ దగ్గర పొగ అంతకంటే ఎంతో వేడిగా ఉంటుంది. నెల తిరక్కుండా బొగ్గై రాలిపోతుంది. రింగు కొత్తదైతే ఇంకేమీ పూయక్కర్లేదు.

సైలెన్సర్ ఎత్తి మూతిని రింగులోకి దూర్చి, ముందు నట్లు చేత్తోనే తిప్పండి, వెనక బోల్టు కూడా వదులుగానే పెట్టండి. అన్నీ వదులుగా ఉన్నప్పుడు సైలెన్సర్‌ని ఒకసారి అటూ ఇటూ కదిపి సర్దుకోనివ్వండి. బిగించేటప్పుడు ముందువి ముందు, వెనకది ఆఖర్న. మధ్యలో క్లాంపు ఉంటే అది వెనక బోల్టుకి ముందు. వెనక బోల్టు ముందే బిగించేస్తే సైలెన్సర్ పక్కకి లాగుతూ ఉంటుంది, రింగు ఒకవైపే నలుగుతుంది, కొన్నాళ్లకి స్టడ్ కూడా విరుగుతుంది.

రెండు నట్లనీ మార్చి మార్చి బిగించాలి, ఇటు అర చుట్టు, అటు అర చుట్టు. మధ్యమధ్యలో వంగి ఫ్లాంజ్‌కీ, అంటే నట్లు బిగించే ఆ పైపు మూతి పట్టీకీ, హెడ్‌కీ మధ్య సందు చూడండి, కుడివైపు ఎంత ఉందో ఎడమవైపు అంతే ఉండాలి. కంటితో తేల్చుకోలేకపోతే రెండువైపులా ఒకే అట్టముక్క దూర్చి చూడండి, ఒకవైపు దూరి రెండోవైపు దూరకపోతే వంకరగా వెళ్తున్నట్టు. రింగు నలుగుతున్నంతసేపూ చేతికి పిండి నొక్కుతున్నట్టు మెత్తగా తెలుస్తుంది, తర్వాత ఒక్కసారి గట్టిగా ఆగుతుంది. అక్కడ ఇంకాస్త బిగించి వదిలేయాలి. టార్క్ పానా ఉంటే 6 ఎంఎం స్టడ్‌కి 10 నుంచి 12 న్యూటన్ మీటర్లు, 8 ఎంఎం స్టడ్‌కి 20 నుంచి 25 దాకా ఉంటుంది మామూలుగా, మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. పానాకి పైపు తొడగడం ఇక్కడ కూడా నిషేధం.

సెన్సర్ ప్లగ్గు పెట్టారా? సైలెన్సర్ మీద మీ చేతి జిడ్డు, గ్రీజు మరకలు శుభ్రంగా తుడిచేయండి, ముఖ్యంగా మెరిసే క్రోమ్ అయితే. తుడవకుండా స్టార్ట్ చేశారో, ఆ వేలిముద్రలు కాలి ఇక శాశ్వతంగా ఉండిపోతాయి.

స్టార్ట్ చేయండి. మొదటి కొన్ని నిమిషాలు కాస్త పొగ, వాసన వస్తుంది, గ్రీజు కాలుతోంది, టెన్షన్ పడకండి. ఇంజన్ వేడెక్కకముందే అరచేతిని ఫ్లాంజ్‌కి నాలుగు అంగుళాల దూరంలో, తగలకుండా, చుట్టూ తిప్పండి. కారుతుంటే చిన్న చిన్న ఊదుళ్లు చేతికి తెలుస్తాయి. ఇంకా అనుమానంగా ఉంటే దళసరి గ్లవుజు వేసుకుని తడిగుడ్డతో సైలెన్సర్ చివర రెండు సెకన్లు మూయండి, సందు ఎక్కడున్నా ఆ కాస్త ఒత్తిడికి చప్పుడు పెరిగి బయటపడిపోతుంది. ఎక్కువసేపు మూయకండి, పని ఆరుబయటే చేయండి, గదిలో ఆ పొగ ప్రాణాంతకం.

అప్పుడొక పది కిలోమీటర్లు తిప్పి తీసుకొచ్చి, పూర్తిగా చల్లారాక నట్లు మళ్లీ చూడండి. మొదటి వేడికి రింగు ఇంకొంచెం నలుగుతుంది, నట్లు కొద్దిగా వదులవుతాయి. బామ్మర్ది బండికి రెండింటికీ ఎనిమిదో వంతు చుట్టు పట్టింది. మర్నాడు పొద్దున వాడు స్టార్ట్ చేసి, ఫోన్ ఇంజన్ దగ్గర పెట్టి వినిపించాడు. టిక్కుటిక్కు లేదు. "మరి ఆ టాపెట్లకి ఇచ్చిన డబ్బులో బావా?" అన్నాడు.